రోగికి బయటి భోజనం తెస్తున్నారా?

రోగి వెంట వచ్చినవారికి ఆసుపత్రిలో వండుకునే వీలుండదు. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ఊళ్లలో రాగి సంగటి, జొన్న రొట్టె అమ్మేచోట్లు ఉన్నాయి. అప్పటికప్పుడు పెనం మీద కాల్చిన రొట్టె, ఆకుకూర పప్పు మంచి ఆహారమే. 100 గ్రాముల రాగుల్లో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. బియ్యంలో ఉండేది చాలా తక్కువ.

అయితే "సంగటి తింటే షుగర్ పెరగదు" అని చాలామంది నమ్ముతారు. ఇది పొరపాటు. సంగటిలో బియ్యం కూడా వేస్తారు, రాగుల్లోనూ పిండిపదార్థమే ఎక్కువ. షుగర్ ఉన్నవారికి రెండు పెద్ద ముద్దలు పెట్టి "రాగులే కదా" అనుకోకండి. చిన్న ముద్ద ఒకటి చాలు, పప్పూ కూరా ఎక్కువ పెట్టండి.

బి.పి. ఉన్నవారికి రోజంతటికీ ఉప్పు ఒక టీస్పూను, అంటే 5 గ్రాములు మించకూడదు. ఊరుబిండి, ఊరగాయ మనకు ఎంత ఇష్టమైనా (సంగటికి అవే రుచి మరి!) రోగికి వద్దు. కిడ్నీ జబ్బు ఉంటే ఏం పెట్టాలో ముందు డాక్టరుగారినే అడగండి.

"ఎప్పుడు వండారు?" అని హోటలువారిని అడగడానికి మొహమాటపడకండి. తెచ్చినది 2 గంటల లోపు తినిపించండి. మధ్యాహ్నం మిగిలిన పప్పును రాత్రికని మంచం కింద దాచకండి.