విదేశమునుండి వ్రాయు ముక్త్యారునామా

ముళబాగిలు తాలూకాలో తల్లిదండ్రుల నాటి ఇల్లో, నాలుగెకరముల చేనో ఉండి, తాము మాత్రము అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో స్థిరపడినవారు నేడు మనలో అరుదు కారు. ఖాతా మార్పించవలెను, కౌలు లెక్క చూడవలెను, ఒక్కొక్కప్పుడు అమ్మవలెను. ప్రతిసారి విమానమెక్కి రాలేరు గనుక ఊరిలోనున్న అన్నకో, బావమరిదికో అధికారమిచ్చెదరు. ఆ పత్రమే ముక్త్యారునామా. మన వాడుకలో ‘పవరు’.

చట్టమునకు ముందు శాస్త్రము మాట. ఉమాస్వాతి ఆచార్యులు తత్త్వార్థసూత్రము ఏడవ అధ్యాయమున సత్యాణువ్రతమునకు ఐదు అతిచారములు చెప్పిరి. వానిలో కూటలేఖక్రియ యొకటి, న్యాసాపహారము మరియొకటి. మొదటిది దొంగ పత్రము సృష్టించుట. అది అందరికిని తెలిసిన తప్పే. రెండవది సూక్ష్మమైనది. సొమ్ము దాచుకొమ్మని ఇచ్చినవాడు లెక్క మరచి తక్కువ అడిగినప్పుడు, ‘సరే, అంతే’ అని ఆ తక్కువనే తిరిగి ఇచ్చుట న్యాసాపహారమని పూజ్యపాదులు సర్వార్థసిద్ధిలో వివరించిరి. అక్కడ దాచినవాడు దొంగతనము చేయలేదు. ఎదుటివాని అజ్ఞానమునకు తలయూపినాడు, అంతే. పవరు పుచ్చుకొన్నవాని స్థితియు సరిగా ఇదే. చికాగోలోనున్న తమ్మునికి హైవే ప్రక్క భూమి నేడు గుంట ఎంత పలుకుచున్నదో తెలియదు. అన్నకు తెలియును.

ఇక చట్టము. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టము 33వ ప్రకరణము ప్రకారము, పత్రమును రిజిస్ట్రేషనుకు దాఖలు చేయు అధికారమిచ్చు పవరును, దేశమున నివసించువారు రిజిస్ట్రారు లేక సబ్‌రిజిస్ట్రారు ఎదుట వ్రాసి ధ్రువపరచుకొనవలెను. దేశము వెలుపల నివసించువారు నోటరీ, కోర్టు, న్యాయాధికారి, మేజిస్ట్రేటు, భారత కాన్సలు మొదలగువారి ఎదుట సంతకము చేయవచ్చును. మనవారిలో ఎక్కువమంది భారత కాన్సలేటుకే పోవుచున్నారు. పాస్‌పోర్టు చూపి, అధికారి ఎదుటనే సంతకము చేయవలెను. ఇంటివద్ద ముందే సంతకము చేసికొని పోయినవారు తిరిగి వచ్చుట తరచు జరుగుచుండును. మరియొక దారి అచ్చటి నోటరీచేత ధ్రువపరపించి, దానిపై ఆ దేశ ప్రభుత్వపు అపోస్టిల్ ముద్ర వేయించుట. ఆ హేగ్ ఒప్పందము మన దేశమునకు 2005 జూలై 14 నుండి అమలులోనికి వచ్చినది. అందులో చేరని దేశముల నున్నవారికి కాన్సలేటే సుగమము. ఇట్లు ధ్రువపడిన పవరు సరిగా వ్రాయబడినదేయని కోర్టు భావింపవలెనను నియమము 1872 నాటి సాక్ష్య చట్టమున ఉండెను. 2024 జూలై 1 నుండి దాని స్థానమున నడచుచున్న భారతీయ సాక్ష్య అధినియమమునను ఉన్నది.

పత్రము ఇచ్చటికి చేరినంత మాత్రమున పని తీరదు. కర్ణాటక స్టాంపు చట్టము (1957) 18వ ప్రకరణము ప్రకారము, బయట వ్రాసిన పత్రము రాష్ట్రమునకు మొదట చేరిన మూడు మాసములలోగా దానికి స్టాంపు వేయించవలెను. గడువు సంతకము తేదీనుండి కాదు, చేరిన తేదీనుండి. కావున తపాలా కవరును పారవేయరాదు, అదే సాక్ష్యము.

సరిహద్దు తాలూకా వారమగుటచే మనకు ఇంకొక చిక్కు కలదు. నంగలి దాటిన అది ఆంధ్రప్రదేశము. ముళబాగిలులో ఇల్లు, పలమనేరు వైపున చేను గల కుటుంబములు ఉన్నవి. స్టాంపు సుంకము రాష్ట్రమునకు రాష్ట్రము వేరు. పత్రముల భాష ఇచ్చట కన్నడము, అచ్చట తెలుగు. ఇచ్చట ఎకరమునకు నలుబది గుంటలు. అచ్చట నూరు సెంట్లు. ఒకే పవరులో రెంటిని ఇమిడ్చి తికమక పడుటకంటె రెండు వ్రాయుటయే మేలని నా అభిప్రాయము. సర్వే నంబరు, విస్తీర్ణము, నాలుగు హద్దులు పహణీలో నున్నట్లే దిగవలెను. ‘నా ఆస్తులన్నియు’ అని వ్రాయుట సులభము. తరువాత ఏడ్చుటయు సులభమే. ఖాతా మార్పునకును కౌలు వసూలునకును అమ్మకపు అధికారమేల? అమ్మదలచినప్పుడు, ఏ ఆస్తి, ఎంతకు తక్కువ కాకుండ, సొమ్ము ఏ బ్యాంకు ఖాతాలో పడవలెనో అందులోనే వ్రాయవలెను. వ్యవసాయ భూమియైనచో, కొనువాడు ఇచ్చట నివసించు భారత పౌరుడై యుండవలెను.

‘పవరు మీదనే కొన్నాము’ అని సంతోషించువారు కొందరున్నారు. సూరజ్ ల్యాంప్ కేసులో 2011 అక్టోబరున సుప్రీంకోర్టు, పవరువలన స్వామ్యము రాదనియు, రిజిస్టరైన విక్రయపత్రమే కావలెననియు తేల్చినది. అయితే బంధువునకు నిజముగా నిర్వహణకో, విక్రయపత్రము వ్రాయుటకో ఇచ్చిన పవరుకు ఆ తీర్పువలన బాధ లేదు.

నేనెరిగిన ఒక ఇంటి సంగతి. తల్లి కుమారుని కడకు విదేశము పోయి, ఇల్లు అమ్ముటకై ఇచ్చటి మరిదికి పవరు పంపెను. బేరము కుదిరినది, బయానా ముట్టినది. రిజిస్ట్రేషనుకు పది దినములుండగా ఆమె అచ్చట కాలము చేసెను. కొనువాడు, ‘కాగితము చేతిలోనే ఉన్నది గదా, ఆమె పోయినట్లు ఇచ్చట ఎవరికి తెలియును? కానిండు’ అనెను. పిల్లలు కూడ ఫోనులో, ‘బాబాయీ, పని ముగించేయి’ అనిరి. మరిది ఒప్పుకొనలేదు. కాంట్రాక్టు చట్టము 201వ ప్రకరణము ప్రకారము, ఇచ్చినవారి మరణముతో పవరు చచ్చును. తెలిసియుండి ఆ సంతకము పెట్టినచో అది బ్రతికియున్న వదిన పేర చేసిన కూటలేఖయే. కుమారుడును కుమార్తెయు వారసులుగా తమ పేర వేరు పవర్లు వ్రాసి, ఖాతా మారి, అంతయు తేలుటకు ఎనిమిది మాసములు పట్టినది. కొనువాడు బయానా తీసికొని వెళ్ళిపోయెను. తరువాత వచ్చిన ధర తక్కువ. ఆ తక్కువను మరిది ఖాతాలో వ్రాసి నిష్ఠూరమాడినవారు ఇంటిలోనే ఉన్నారు.

పవరు పోయినను పూచీ వెంటనే పోదు. వారసులకు నష్టము రాకుండ తగిన జాగ్రత్త తీసికొనవలెనని 209వ ప్రకరణము, అడిగినప్పుడు లెక్క చెప్పవలెనని 213వ ప్రకరణము విధించుచున్నవి. ఆయన ఆ ఎనిమిది మాసములు ఇంటికి తాళము వేసి, కందాయము కట్టుచు, వానకు కారిన పెంకులు మార్పించుచు వచ్చెను. అన్న కుమారుడు మరుసటి వేసవిలో వచ్చినప్పుడు రశీదుల కట్టను, బయానా తిరిగి ముట్టినట్లు కొనువాడు వ్రాసిన చీటిని, వదిన సంతకమున్న ఆ చెల్లని పవరు అసలు ప్రతిని ఒకే సంచిలో పెట్టి చేతికిచ్చెను.