పాత మోటారు కారు ముందు దీపములు – వానిని మెరుగుపరచు విధము



విద్యుత్తును గూర్చియు, కాంతిని గూర్చియు మనము తరగతిలో చదివిన పాఠములు పరీక్షతో ముగిసిపోవునవి కావు. వీథిలో నిలిచియున్న ఒక పాత కారు ముందు దీపములలో ఆ రెండు పాఠములును కలిసియున్నవి. ఆ దీపముల వెలుగును ఎట్లు పెంచవచ్చునో, పెంచునపుడు ఏమి మరువరాదో ఈ వ్యాసమున తెలిసికొందము. తలిదండ్రులును దీనిని చదువుట మేలు. ఏలయన, కారు గలవారికే గాక రాత్రివేళ దారి ప్రక్కన నడచువారికిని ఇది ప్రాణములతో కూడిన విషయము.

కారులకును మన ప్రాంతమునకును ఒక సంబంధము కలదు. చిక్కబళ్ళాపురము చెంతనున్న ముద్దేనహళ్ళిలో, తెలుగు కుటుంబమున జన్మించిన మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు, కారులు మన దేశముననే తయారు కావలెనని 1930 తరువాతి సంవత్సరములలో ప్రణాళిక వ్రాసి పాటుపడిరి. ఆ ఆశయమునే చేపట్టిన వాల్‌చంద్ హీరాచంద్‌గారు 1944లో ప్రీమియర్ ఆటోమొబైల్స్ సంస్థను స్థాపించిరి. ఆ సంస్థవారి పద్మిని కారును, హిందూస్థాన్ మోటార్స్ వారి అంబాసిడర్ కారును మీ తాతలు బాగుగ నెరుగుదురు. అంబాసిడర్ తయారీ 2014లో నిలిచిపోయినది. పద్మిని తయారీ అంతకు ముందే నిలిచినది. అయినను వానిని ప్రేమతో కాపాడుకొనుచున్న కుటుంబములు నేటికిని కలవు. అట్టివారు తరచుగ చెప్పుమాట, "రాత్రి దారి సరిగా కనబడుటలేదు" అనునదే.

వెలుగు ఏల తగ్గును?

బల్బు చిన్నదగుటయే ఇందులకు కారణమని పలువురు తలంతురు. నిజమునకు కారణములు మూడు. మొదటిది, మెకానిక్కులు డూము అని పిలుచు పరావర్తకము తేమ సోకి నల్లబడుట. రెండవది, ముందరి అద్దము దుమ్ముతోను గీతలతోను మసకబారుట. మూడవది కంటికి కనబడనిది. అదియే తీగలలో వోల్టేజి తరిగిపోవుట.

చాల పాత కారులలో దీపములకు కావలసిన విద్యుత్తంతయు బ్యాటరీనుండి డ్రైవరు చెంతనున్న స్విచ్చికి వచ్చి, మరల ముందునకు పోవును. ఏండ్లు గడచినకొలది స్విచ్చిలోను, తీగల అతుకులవద్దను చిలుము పట్టి నిరోధము పెరుగును. ఇచట ఓమ్ సూత్రమును జ్ఞప్తికి దెచ్చుకొనుడు. ప్రవాహమును నిరోధముతో గుణించినచో వోల్టేజి నష్టము వచ్చును. 60 వాట్ల బల్బులు రెండు 12 వోల్టులపై వెలుగుటకు 10 ఆంపియర్ల ప్రవాహము కావలెను. దారిలో నిరోధము 0.15 ఓములే యున్నను 1.5 వోల్టులు అచటనే నష్టమగును. ఇంజను నడచునపుడు బ్యాటరీవద్ద 13.5 వోల్టులున్నచో, బల్బునకు చేరునవి 12 మాత్రమే.

పోయినది తొమ్మిదవ వంతే గదా యని యుపేక్షింపరాదు. బల్బులోని టంగ్‌స్టన్ తీగయొక్క వెలుగు వోల్టేజితోపాటు అదే పాళ్ళలో తగ్గదు. సుమారు దాని 3.4వ ఘాతము ననుసరించి తగ్గును. లెక్క వేసి చూడుడు. తొమ్మిదవ వంతు వోల్టేజి పోయినచో, మూడవ వంతు వెలుగు పోవును. చెరువు నిండియున్నను కాలువ పూడినచో మడి తడవదు గదా!

రిలే చేయు పని

కావున మొదట బాగు చేయవలసినది బల్బును కాదు, దానికి విద్యుత్తు పోవు దారిని. ఇందులకు రిలే అను చిన్న పెట్టె యుపయోగపడును. దానిలో ఒక విద్యుదయస్కాంతము కలదు. పాత స్విచ్చినుండి ఆంపియరులో ఏడవ వంతు మాత్రము ప్రవహించినను ఆ అయస్కాంతము పనిచేసి, బ్యాటరీకిని బల్బునకును నడుమనున్న పెద్ద స్విచ్చిని మూయును. అపుడు 10 ఆంపియర్ల ప్రవాహము దగ్గరి దారిన నేరుగ దీపమునకు పోవును. పాత స్విచ్చి వేడెక్కుటయు తప్పును.

సాధారణమైన రిలేపై 30, 85, 86, 87 అను అంకెలుండును. 30కి బ్యాటరీనుండి ఫ్యూజు ద్వారా తీగ రావలెను. 87నుండి దీపమునకు పోవలెను. 85, 86 అయస్కాంతపు చుట్టకు చెందినవి. డిమ్మునకు ఒకటి, బ్రైటునకు ఒకటి, వెరసి రెండు రిలేలు కావలెను. తీగ 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగిదైనచో చాలును. ఫ్యూజు బ్యాటరీకి దగ్గరనే యుండవలెను. దీపము నుండి కారు ఇనుప శరీరమునకు పోవు ఎర్తు తీగను కూడ చిలుము గీకి బిగింపవలెను. ఈ పనిని అనుభవముగల ఆటో ఎలక్ట్రీషియను చేత, బ్యాటరీ తీగ విప్పిన పిమ్మటనే చేయింపవలెను.

తగిన బల్బు

దారి బాగుపడిన తరువాత బల్బును మార్చవచ్చును. హాలోజన్ బల్బులు కారులలో 1962 నుండియు, డిమ్ము బ్రైటు రెండును ఒకే బల్బులో గల హెచ్ 4 రకము 1971 నుండియు వాడుకలోనున్నవి. మామూలు బల్బులో టంగ్‌స్టన్ ఆవిరియై గాజునకు అంటి నల్లజేయును. హాలోజన్ బల్బులో అయొడిన్ గాని బ్రోమిన్ గాని ఆ ఆవిరితో కలిసి, దానిని మరల తీగయొద్దకు చేర్చును. అందుచే గాజు నల్లబడదు. తీగను ఎక్కువ వేడిమిపై వెలిగింపవచ్చును. పాత సీల్డ్ బీమ్ దీపమును విప్పి, అదే కొలత గల హెచ్ 4 డూమును బిగించి, 60, 55 వాట్ల బల్బు వేసిన చాలును. 100 వాట్ల బల్బులు వేసినచో డూము వేడెక్కి చెడును, తీగలకును ముప్పు. డైనమో గల మిక్కిలి పాత కారులలో, అది యీయగల విద్యుత్తెంతయో ముందుగ చూచుకొనవలెను.

డూము ఆకారము పరావలయము. నాభియందున్న వెలుగు దానిపై పడి సమాంతర కిరణములుగ బయలుదేరునని మీరెరుగుదురు. హెచ్ 4 బల్బులో బ్రైటు తీగ నాభియొద్దనే యుండును. డిమ్ము తీగ నాభికి కొంచెము ముందుండును. దాని క్రింద ఒక లోహపు దొప్ప యుండును. కావున కిరణములు డూము పైభాగముననే పడి, రోడ్డువైపు వంగును. తీగ స్థానము రవ్వంత మారినను ఈ యేర్పాటు చెడును. పాత డూములో ఏదో యొక ఎల్.ఇ.డి. బల్బు వేసినచో వెలుగు ఎక్కువైనట్లు తోచును గాని, కిరణములు చెదరి ఎదుటివారి కండ్లలో పడవచ్చును. అటులనే మన దేశమున ఎడమప్రక్క నడచుట ఆచారము గనుక, అట్టి దేశములకై చేసిన అద్దమునే కొనవలెను. కుడిప్రక్క నడచు దేశముల అద్దము వెలుగును కుడివైపునకు, అనగా ఎదురుగ వచ్చువాని ముఖముపైకి లేపును.

గురి కుదుర్చుట

సమతలమైన నేలపై కారును గోడకు 10 మీటర్ల దూరమున నిలుపుడు. దీపపు నడిమి ఎత్తును గోడపై గుర్తు పెట్టుడు. డిమ్ము వెలుగు పై అంచు ఆ గుర్తునకు 10 సెంటీమీటర్లు క్రిందనుండవలెను. అనగా నూటికి ఒక వంతు వాలు. దీపము 65 సెంటీమీటర్ల ఎత్తున నున్నచో ఆ వెలుగు 65 మీటర్ల దూరమున నేలను తాకునని సరూప త్రిభుజములవలన తెలియును.

చట్టమును ఇదియే కోరుచున్నది. 1989 నాటి కేంద్ర మోటారు వాహన నియమములలో 106వ నియమము ప్రకారము, దీపమునకు 8 మీటర్ల ముందు, అర మీటరు కుడిగ, నేలనుండి 1.5 మీటర్ల ఎత్తున నున్న కన్నులు చెదరకుండునట్లు కిరణములు క్రిందికి వంగియుండవలెను.

ఎదుటివాని కన్ను

చిక్కబళ్ళాపురము, బాగేపల్లి మీదుగ పోవు హైదరాబాదు రహదారిలో రాకపోకల దారులు వేరువేరుగ నున్నవి. బాగేపల్లినుండి చేళూరు మీదుగ చింతామణికి పోవునట్టి దారులలో ఎదుటి బండి మన ప్రక్కనుండియే పోవలెను. శిడ్లఘట్ట సంతకు పట్టుగూళ్ళు తీసికొనిపోవు రైతు, పాలు పోసి వచ్చు ఇల్లాలు, గొఱ్ఱెలను తోలుకొని వచ్చు కాపరి ఆ దారులనే నడచెదరు. తీవ్రమైన వెలుగు సోకిన కన్ను కొన్ని క్షణములపాటు ఏమియు చూడజాలదు. ఆ క్షణములలో ఎదుటి డ్రైవరునకు ఆ కాపరి కనబడడు. మన దీపము మనకు దారి చూపుటతోపాటు వాని దారిని మూయకుండవలెను. అందుచే ఎదుట బండి కనబడినతోనే డిమ్ము చేయుట మర్యాద మాత్రమే కాదు, ధర్మము. నంది కొండ చెంత మంచు క్రమ్మిన వేళను డిమ్మే మేలు. బ్రైటు వెలుగు మంచుపై పడి మన కండ్లకే తిరిగివచ్చును.

మరియొక లెక్క. గంటకు 80 కిలోమీటర్ల వేగమున పోవు కారు, డ్రైవరు అడ్డమును కనుగొని బ్రేకు త్రొక్కుటకు పట్టు ఒకటిన్నర సెకనులో 33 మీటర్లు సాగును. ఆపై సెకనుకు 5 మీటర్ల చొప్పున వేగము తగ్గించినను, నిలుచుటకు మరి 49 మీటర్లు పట్టును. మొత్తము 82 మీటర్లు. డిమ్ము వెలుగు చూపునది 65 మీటర్లే! 60 కిలోమీటర్ల వేగమైనచో 53 మీటర్లలో నిలుచును. కావున దీపములు బాగుపడినవని వేగము పెంచువాడు, బాగుచేసిన ఫలమును తానే పోగొట్టుకొనును.

అభ్యాసము

1. 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగకు మీటరునకు 0.007 ఓముల నిరోధము. 2 మీటర్ల తీగలో 10 ఆంపియర్లు ప్రవహించినచో వోల్టేజి నష్టమెంత? పై వ్యాసములోని 1.5 వోల్టులతో పోల్చి చూడుడు.

2. దీపము 70 సెంటీమీటర్ల ఎత్తున నున్నది; వాలు నూటికి ఒకటి. వెలుగు ఎంత దూరమున నేలను తాకును? గంటకు 70 కిలోమీటర్ల వేగమున పోవు కారు ఆలోపల నిలువగలదా?

3. మీ యింటనో, పొరుగింటనో పాత కారున్నచో, పెద్దల తోడ్పాటుతో దాని దీపముల గురిని గోడపై పరీక్షించి, చూచినదానిని పది వాక్యములలో వ్రాయుడు.