నోబెల్ అందుకున్న బడిపంతులమ్మ: గాబ్రియేలా మిస్ట్రాల్

సాహిత్య నోబెల్ పొందిన తొలి లాటిన్ అమెరికా రచయిత ఎవరంటే పాబ్లో నెరూడా అని పొరబడే ప్రమాదం ఉంది. సరైన జవాబు చిలీ కవయిత్రి గాబ్రియేలా మిస్ట్రాల్ (1945). నెరూడాకు వచ్చింది 1971లో.

అసలు పేరు లూసీలా గొడోయ్ అల్కయాగా. 1889 ఏప్రిల్ 7న వికున్యాలో పుట్టారు. పదిహేనేళ్ల ప్రాయంలోనే పల్లె బడిలో పాఠాలు చెప్పారు. టెముకో బాలికల పాఠశాల ప్రధానోపాధ్యాయురాలిగా ఉన్నప్పుడు, ఇంకా కుర్రవాడైన నెరూడా చేతిలో రష్యన్ నవలలు పెట్టింది ఈమే. తొలి సంపుటి 'డెసొలాసియోన్' 1922లో న్యూయార్క్‌లో వెలువడింది. అదే ఏడాది మెక్సికో ప్రభుత్వ పిలుపుపై అక్కడి విద్యా సంస్కరణల్లో పాలుపంచుకున్నారు. 'తాలా' (1938) సంపుటి రాబడిని స్పెయిన్ అంతర్యుద్ధంలో దిక్కులేనివారైన పిల్లలకు ఇచ్చేశారు. ఇంతటి కవయిత్రికి స్వదేశం జాతీయ సాహిత్య పురస్కారం ఇచ్చింది నోబెల్ వచ్చిన ఆరేళ్లకు, 1951లో! 1957 జనవరి 10న న్యూయార్క్ రాష్ట్రంలో కన్నుమూశారు. చిలీ 5000 పెసోల నోటుపై ఉన్న బొమ్మ ఆమెదే.