నాబోతు తోట, రూపాయి వడ్డీ

మా సంఘంలో పెద్దగా ఉంటూ ఏళ్ల తరబడి బైబిలు క్లాసు చెప్పాను. రాజుల గ్రంథాల దగ్గరికి వచ్చేసరికి కుర్రాళ్లకు ఆవలింతలు మొదలవుతాయి. ఎవరి తర్వాత ఎవరు ఏలితే మనకేమిటండీ అంటారు. నాకు మాత్రం బతుకులో ఎక్కువ అక్కరకొచ్చింది ఆ పుటలే. ఆ కాలపు రాజులంతా తమ గెలుపులే రాళ్ల మీద చెక్కించుకున్నారు. మోయాబు రాజు మేషా అంతే. అష్షూరు రాజు సన్హెరీబు యూదాలో 46 కోట పట్టణాలు పట్టానని రాయించుకున్నాడు, యెరూషలేము ఎందుకు చేజిక్కలేదో చెప్పకుండా దాటేశాడు. ఇశ్రాయేలువాళ్లు తమ రాజుల పాపాలు, యాజకుల పాపాలు పేర్లతో సహా రాసి పిల్లలకు చదివించారు. అందులో నాకు అందినవి కొన్ని చెబుతాను.

1. నాయకుణ్ణి కోరుకునే ముందు అతను మన దగ్గర ఏం పట్టుకుపోతాడో లెక్క వేసుకోవాలి.

ప్రవక్త సమూయేలు ముసలివాడయ్యాడు. బెయేర్షెబాలో తీర్పులు చెప్పే అతని కొడుకులు లంచాలు మరిగారు. అందరికీ ఉన్నట్టే మాకూ రాజు కావాలన్నారు జనం. మీ కొడుకులు అతని రథాల ముందు పరుగెత్తాలి, కూతుళ్లు వంటశాలకు పోవాలి, మంచి పొలాలు పోతాయి, పంటలో పదో వంతు పోతుందని సమూయేలు ఒక్కొక్కటీ విప్పి చెప్పాడు. వినలేదు. మూడో రాజు సొలొమోను నాటికి 30,000 మంది, నెలకు 10,000 చొప్పున వంతులవారీగా, లెబానోనుకు వెట్టికి పోయారు. మందిరానికి 7 ఏళ్లు పడితే ఆయన సొంత నగరుకు 13 ఏళ్లు పట్టింది. కొడుకు రెహబాము షెకెములో, జనంతో మెత్తగా ఉండమన్న పెద్దల మాట తోసేసి తన ఈడువాళ్ల మాట విన్నాడు. జనం వెట్టి అధికారి అదోరామును రాళ్లతో కొట్టి చంపారు. క్రీ.పూ. 930 ప్రాంతంలో రాజ్యం రెండుగా చీలింది.

పాస్టరు కుర్చీ ఆస్తిలాగా కొడుక్కి దిగుతున్న సంఘాలు మనకు తక్కువేం కాదు. సమూయేలు అంతటివాడి కొడుకులే నిలబడలేదు. కుర్చీ అప్పగించే ఆదివారం సమూయేలు హెచ్చరిక ఉన్న అధ్యాయం పైకి చదివిస్తే బాగుంటుందని నా సలహా. ఎవరూ వినరనుకోండి.

2. బంగారు దూడ దేవుణ్ణి కాదనడానికి రాలేదు, పదవి పోతుందన్న భయంలోంచి వచ్చింది.

విడిపోయిన ఉత్తర రాజ్యానికి యరొబాము రాజు. పండగలకు జనం యెరూషలేము పోతే మనసు దావీదు వంశం వైపు మళ్లుతుందని బెంగ. అంత దూరం మీకెందుకని దక్షిణాన బేతేలులో ఒకటి, ఉత్తరాన దానులో ఒకటి దూడను నిలబెట్టాడు. ఐగుప్తునుంచి రప్పించిన దేవుడు ఇదేనన్నాడు, ఎడారిలో దూడ దగ్గర అన్న పాత మాటే. మనవాళ్లు పక్క సంఘానికి పోకూడదని మనం చేసే ఏర్పాట్లలో ఈ బెంగ ఎంతుందో చూసుకోవాలి.

3. అన్యాయానికి రాజు కోరిక ఒక్కటే చాలదు, ఊరి పెద్దల సంతకాలు కావాలి.

నాబోతు కథ అందరికీ తెలుసుననుకుంటాం. మళ్లీ నెమ్మదిగా చదవండి. యెజ్రెయేలులో అహాబు నగరు పక్కనే నాబోతు ద్రాక్షతోట. కూరతోట వేసుకుంటాను ఇమ్మని అడిగాడు రాజు. ఇంతకన్నా మంచి తోట ఇస్తానన్నాడు, లేదంటే సొమ్ము ఇస్తానన్నాడు. బేరం అన్యాయమైనదేమీ కాదు. పిత్రార్జితం ఇవ్వనన్నాడు నాబోతు. భూమిని శాశ్వతంగా అమ్ముకోకూడదని ధర్మశాస్త్రం, రాజుకైనా అంతే. అహాబు అన్నం మానేసి ముఖం తిప్పుకుని పడుకున్నాడు.

అక్కణ్ణుంచి రాణి యెజెబెలు నడిపిన పనంతా కాగితాల మీదే. రాజు పేరున ఉత్తరాలు, రాజు ముద్ర. ఊళ్లో ఉపవాసం చాటించండి, నాబోతును జనం ముందు కూర్చోబెట్టండి, దేవుణ్ణీ రాజునూ దూషించాడని ఇద్దరు సాక్షులను నిలబెట్టండి. ఇద్దరు సాక్షులుండాలన్నది ధర్మశాస్త్రం నియమమే, దాన్నీ తప్పలేదు. ఆ ఉత్తరాలు అందుకున్నది నాబోతు ఊరి పెద్దలు, అతని ఇరుగుపొరుగు. ఒక్కడూ ఇదేమిటని అడగలేదు. ఊరి బయటికి తీసుకెళ్లి రాళ్లతో కొట్టి, పని అయిందని రాణికి కబురంపారు.

మనలో ఎంతోమంది ఇవాళ ఆఫీసుల్లో ఉన్నారు. ఫైలు కదిపేవాళ్లు, సాక్షి సంతకం పెట్టేవాళ్లు, రిజిస్ట్రేషన్లు చేయించేవాళ్లు. సంఘం స్థలాల కేసుల్లో ఇరుపక్కలా విశ్వాసులే. యెజెబెలును తిట్టడం తేలిక. నేను ఈ కథ చెప్పినప్పుడల్లా ఆ పెద్దల దగ్గరే ఆగుతాను.

4. మందిరం కిటకిటలాడుతుంటే దేశం బాగుందని అర్థం కాదు.

రెండో యరొబాము కాలంలో ఉత్తర రాజ్యం సరిహద్దులు పెరిగాయి, డబ్బు పెరిగింది, కానుకలూ పెరిగాయి. యూదాలోని తెకోవనుంచి, పశువులు కాసుకుంటూ మేడిపండ్లు ఏరుకునే ఆమోసు బేతేలు వచ్చాడు. మీ పాటల రొద నాకొద్దని దేవుడంటున్నాడన్నాడు. అతని ఫిర్యాదులు అంగడి ఫిర్యాదులు. తూకం తగ్గిస్తున్నారు, గోధుమల్లో తాలు కలిపి అమ్ముతున్నారు, చెప్పుల జత అప్పుకు పేదవాణ్ణి అమ్మేస్తున్నారు, విశ్రాంతి దినం ఎప్పుడు ముగుస్తుందా, కొట్టు ఎప్పుడు తెరుద్దామా అని చూస్తున్నారు. దంతపు మంచాల మీద పడుకునేవాళ్లనూ దులిపేశాడు. 1930లలో షోమ్రోను తవ్వినవాళ్లకు చెక్కిన దంతపు ముక్కలు కుప్పలుగా దొరికాయి. ఇది రాజు మందిరం, నీ ఊరికి పోయి పొట్ట పోసుకో అన్నాడు యాజకుడు అమజ్యా. క్రీ.పూ. 722 నాటికి ఆ రాజ్యమే లేదు.

5. మంచిదే అయినా, దానికి ధూపం వేయడం మొదలైతే పగలగొట్టాలి.

ఎడారిలో మోషే చేసిన ఇత్తడి సర్పం, ప్రాణాలు కాపాడిన వస్తువు. యూదా రాజు హిజ్కియా దాన్ని ముక్కలు చేశాడు. ఇంతకుమించి చెప్పడానికేం లేదు.

6. ఉన్న ఊరి క్షేమం అడగాలి.

క్రీ.పూ. 597లో బబులోను యూదానుంచి బందీలను తీసుకుపోయింది. రెండేళ్లలో వచ్చేస్తారని హనన్యా అనే ప్రవక్త చెప్పాడు. ఆ మాట అందరికీ తీపి. యిర్మీయా ఉత్తరం రాశాడు. ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటండి, పిల్లలకు పెళ్లిళ్లు చేయండి, మిమ్మల్ని చెరపట్టిన పట్టణం కోసమే ప్రార్థన చేయండి అన్నాడు. వాళ్లు నిజంగానే స్థిరపడ్డారు. బబులోను మట్టిపలకల్లో యూదుల పేర్లతో పొలం లెక్కలు, అప్పు పత్రాలు ఇప్పటికీ ఉన్నాయి. డల్లాస్‌లో ఉన్నా దుబాయిలో ఉన్నా, మన గుంటూరులోనే వేరే మతాలవాళ్ల మధ్య ఉన్నా, మన ప్రార్థనలో ఆ వీధి డ్రైనేజీ, ఆ ఊరి ఆసుపత్రి, గుడికి పోయే పక్కింటివాళ్ల పిల్లల పరీక్షలు ఉండాలి. మన సంఘం, మన సభలు అని చుట్టూ తిరిగే ప్రార్థనలే ఎక్కువ వింటున్నాను.

7. గోడ కడుతున్నవాళ్ల దగ్గరే వడ్డీ వసూలు చేయకూడదు.

చెరనుంచి జనం తిరిగొచ్చాక, అధిపతిగా వచ్చిన నెహెమ్యా యెరూషలేము గోడను 52 రోజుల్లో లేపాడు. దాని మీద ప్రసంగాలు లెక్కలేనన్ని. అయిదో అధ్యాయం మీద తక్కువ. గోడ పని నడుస్తుండగానే పేదవాళ్లు ఏడుస్తూ వచ్చారు. కరువుకు పొలాలు తాకట్టు పెట్టాం, రాజు పన్నుకు అప్పు తెచ్చాం, కూతుళ్లు దాసీలయ్యారు, అప్పిచ్చింది మా యూదులే అన్నారు. వాళ్లు పుచ్చుకున్నది నూటికి ఒకటి, నెలకని లెక్క వేస్తే మన భాషలో రూపాయి వడ్డీ. మన విశ్వాసుల్లో రెండు రూపాయలకు, మూడు రూపాయలకు తిప్పేవాళ్లు నాకు తెలుసు, కానుకల పెట్టె దగ్గర ముందుండేది వాళ్లే. నెహెమ్యా పెద్దలందరినీ పిలిపించి పొలాలు, వడ్డీ తిరిగి ఇప్పించాడు. తనూ 12 ఏళ్లు అధిపతిగా ఉండి ఆ పదవికి రావలసిన భత్యం ముట్టలేదు. అతని బల్ల దగ్గర రోజూ 150 మంది తినేవాళ్లు. ఒక ఎద్దు, ఆరు గొర్రెలు, కోళ్లు, అంతా సొంత ఖర్చే.