కొండపల్లి బొమ్మ కొనేటప్పుడు

విజయవాడ

ప్రసన్నా,

కొండపల్లి బొమ్మలు సేకరించడం మొదలుపెట్టానని రాశావు. ఇప్పుడొచ్చేవి పాతవాటి ముందు వెలవెలబోతున్నాయని, ఇకమీదట పాతవి దొరికితేనే కొంటానని కూడా రాశావు. నీ కన్ను అబద్ధం చెప్పడం లేదమ్మా. నాణ్యత తగ్గిన మాట నిజం. ఏళ్ళ తరబడి ఈ బొమ్మల్ని కూడబెట్టుకుంటూ వస్తున్నవాణ్ణి, ఆ మాట ఒప్పుకోవడం నాకు కష్టంగానే ఉంటుంది. కొత్త అంబారీ ఏనుగును చేతిలోకి తీసుకుంటే, ఇంకా చేస్తున్నారన్న సంతోషం, ఇలా చేస్తున్నారేమిటన్న దిగులు ఒక్కసారే కలుగుతాయి. అయినా నీ నిర్ణయం నాకు నచ్చలేదు. తగ్గిందేమిటో, ఎందుకు తగ్గిందో విడదీసి చూస్తే నీకూ నచ్చదని నా నమ్మకం.

ముందు పని ఎలా సాగుతుందో తెలుసుకో. కొండపల్లి బొమ్మకు కావలసింది తెల్ల పొణికి కర్ర. చుట్టుపక్కల కొండ అడవుల్లో సహజంగా పెరిగే చెట్టు అది. కర్ర మెత్తన, బరువు ఉండదు. ముక్కలు కోసి ఆరబెట్టాలి, లోపలి చెమ్మ పోయేదాకా సన్నటి సెగ మీద కాచాలి. బొమ్మనంతా ఒకే దుంగలో చెక్కరు. మొండెం, చేతులు, తల, పీట విడివిడిగా చెక్కి, చింతగింజల జిగురులో రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతుకుతారు. అతుకుల దగ్గర, ముక్కు, చెవులు, మడతల దగ్గర మళ్ళీ మక్కు పెట్టి ఆకారం తెస్తారు. అది ఆరాక ఆకురాయి పట్టి నునుపు చేస్తారు. ఆపైన సున్నం పూత, అదీ ఆరాక రంగులు, చివరగా మేకవెంట్రుకల కుంచెతో కళ్ళూ కనుబొమలూ. చాలా ఇళ్ళలో మగవాళ్ళు చెక్కితే ఆడవాళ్ళు రంగులు వేస్తారు. ఈ వరుసలో ఎన్నిచోట్ల ‘ఆరాక’ అనాల్సి వచ్చిందో చూడు. ఉలి చప్పుడు ఆగిపోయి, బొమ్మ ఊరికే గూట్లో కూర్చునే గంటలు కూడా పనిలో భాగమే. పాత బొమ్మలో ఉండి కొత్తదానిలో లేనిది ఆ గంటలే.

నీ ఉత్తరంలో నువ్వు చూపిన లోపాలన్నీ దీనికి సాక్ష్యాలే. కొన్నాళ్ళకు చెయ్యి అతుకు దగ్గర గీత తేలిందంటే కర్రలో చెమ్మ మిగిలింది, లేదా మక్కు ఆరకముందే రంగు పడింది. తాటిచెట్టు ఎక్కే గీతకార్మికుడి మోకాలు వంపు లేకుండా కర్రపుల్లలా ఉందంటే మక్కుతో దిద్దే పని మానేశారు. దశావతారాల్లో మనిషి మొహాలన్నీ ఒకేలా ఉంటే, రోజుకు అన్నేసి మొహాలు తీర్చాల్సి వచ్చిందన్నమాట. బొమ్మను వెనక్కి తిప్పినప్పుడు ఒకే రంగు చుట్టబెట్టి ఉంటే, కొనేవాళ్ళు వెనక చూడరని చేసినవాళ్ళకు అర్థమైపోయిందని తెలుసుకో. ఇందులో చేతకానితనం ఎక్కడా లేదు. కొండపల్లిలో ఈ పనివాళ్ళుండే బొమ్మల కాలనీలోనే, అవే చేతులతో, చాలినంత గడువు ఇచ్చి చేయించిన గీతోపదేశం రథాన్ని చూడు. గుర్రాల మెడ వంపులో, పగ్గాల బిగువులో పాతవాటికి ఏమాత్రం తీసిపోదు. విద్య పోలేదు, దాన్ని వాడే తీరిక పోయింది.

ఆ తీరిక ఎవరు లాగేసుకున్నారు? ఇక్కడ మనవైపు చూసుకోక తప్పదు. విజయవాడ బీసెంట్ రోడ్డులో చీరకు చెప్పిన ధర ఇచ్చి వచ్చే మనిషే, రెండు రోజులు ఆరబెట్టిన ఏనుగు దగ్గర సగానికి బేరం మొదలుపెడతాడు. సభల్లో ఇచ్చే జ్ఞాపికలకు వందల లెక్కన ఆర్డరిచ్చి, తేదీ మాత్రం వచ్చే వారమే అంటారు. 2020 ఆగస్టులో ప్రధాని ‘మన్ కీ బాత్’లో దేశంలోని బొమ్మల ఊళ్ళ వరుసలో కొండపల్లి పేరూ చెప్పారు, మంచిదే. కానీ పేరు పెరిగితే ఆర్డర్లు పెరుగుతాయి, ఆరబెట్టే గంటలు పెరగవు. పొణికి దొరకడం కష్టమైన కొద్దీ కర్ర ఖర్చు పెరుగుతుంది. అమ్మకం ధర పెరగనివ్వకపోతే ఆ తేడాను చేసేవాళ్ళు తమ సమయంలోంచే కోసుకోవాలి. పక్కనే ఇబ్రహీంపట్నంలో థర్మల్ కేంద్రం, కొండపల్లిలోనే పారిశ్రామికవాడ ఉన్నాయి. నెల తిరిగేసరికి జీతం చేతికొచ్చే పని కళ్ళెదురుగా ఉండగా, తరతరాలుగా ఈ బొమ్మలు చేస్తున్న ఆర్యక్షత్రియుల ఇంటి కుర్రాడు ఉలి ఎందుకు పట్టాలి? వాడిని తప్పుపట్టే హక్కు మనకు లేదు.

ఇక నువ్వు అడగబోయే ప్రశ్నలు. పాత బొమ్మలన్నీ నిజంగా అంత గొప్పవా? కావు. ఒకప్పుడు నాసిరకంగా చేసినవి చెదలు తిని, పిల్లల చేతుల్లో విరిగి, ఎప్పుడో పొయ్యిలోకి పోయాయి. బాగున్నవాటినే గుడ్డల్లో చుట్టి, సంక్రాంతి బొమ్మల కొలువుకు తీసి, మళ్ళీ దాచుకున్నారు. ఆ మేలిరకాన్ని ఇవాళ్టి సగటు బొమ్మ పక్కన పెట్టి పోలిస్తే తగ్గుదల ఉన్నదానికంటే పెద్దగా కనిపిస్తుంది. అందుకే తగ్గిందంటాను గానీ, పోయిందనను.

రంగుల సంగతి. ఎనామిల్ వచ్చి బొమ్మను పాడుచేసిందని సేకర్తలు తరచూ అంటారు. నేను పూర్తిగా ఒప్పుకోను. మన కృష్ణా డెల్టా గాలిలో చెమ్మ ఎక్కువ. నీటిరంగు తడి గుడ్డ తగిలితే చెదిరిపోతుంది, ఎనామిల్ ఆగుతుంది. అసలు చిక్కు దాని మెరుపుతో వస్తుంది. నునుపు చేయని చెక్క మీద దట్టంగా పూస్తే కింద ఏం వదిలేశారో కనపడదు. శ్రద్ధగా చేసిన బొమ్మ మీద అదే ఎనామిల్ చక్కగా ఒదుగుతుంది. ఇంకొక్క మాట. ఇళ్ళకు వాడే రంగుల్లో సీసం 90 పీపీఎం దాటకూడదన్న నిబంధన 2016లో వచ్చి 2017 నవంబరు నుంచి అమల్లో ఉంది. అంతకు ముందటి ఎనామిల్ బొమ్మకు ఆ రక్షణ కూడా లేదు. పాతది కదా అని పసిపిల్లల చేతికి మాత్రం ఇవ్వకు. నోట్లో పెట్టుకునే వయసువాళ్ళకు సహజ రంగులతో చేసిన ఏటికొప్పాక లక్కబొమ్మలు మేలు.

ధర పెంచితే మామూలు కుటుంబాలు కొలువు ఎలా పెట్టుకుంటాయి అంటావా? ఇది గట్టి అభ్యంతరం, తేలిగ్గా తీసేయను. చిన్న బొమ్మలు, తక్కువ పనితనం ఉన్నవి చవకగా ఉండాల్సిందే. ఎప్పుడూ ఉన్నాయి కూడా. నేనంటున్నది సేకర్తల గురించి. ఏడాదికి పది చవక బొమ్మలు కొనే డబ్బుతో రెండు మంచివి చేయించమంటున్నాను. కర్ర విషయంలో మాత్రం డబ్బు ఒక్కటే చాలదని ఒప్పుకుంటాను. పొణికిని టేకులా తోటలు వేసి పెంచే అలవాటు మనకు లేదు. కొండపల్లి అడవి మిగలాలి, మొక్కలు నాటాలి, అవి కోతకొచ్చేదాకా ఆగాలి. కొనేవాళ్ళు గట్టిగా అడుగుతూ ఉంటేనే నాటేవాళ్ళకు పట్టుదల ఉంటుంది.

సేకర్తల వల్ల ఇంత జరుగుతుందా అని సందేహం రావచ్చు. జపాన్‌లో తోహోకు ప్రాంతపు కోకెషీ బొమ్మల సంగతి చూడు. వేడినీటి బుగ్గల ఊళ్ళలో పిల్లల కోసం చేసిన చెక్కబొమ్మలవి. రేకు బొమ్మలు, సెల్యులాయిడ్ బొమ్మలు వచ్చాక వాటిని అడిగే పిల్లలు తగ్గిపోయారు. అప్పుడు పెద్దవాళ్ళు సేకరించడం మొదలుపెట్టారు. 1928లో సెండాయ్‌కి చెందిన అమాయె తోమియా వాటిమీద పుస్తకమే వేశాడు. ఏ ఊరిది, ఎవరు చేశారు అని అడిగి కొనే అలవాటు పెరిగింది. ఇవాళ సంప్రదాయ కోకెషీ అడుగున చేసినవాళ్ళ సంతకం ఉంటుంది. మన కొండపల్లి బొమ్మకు ఊరి పేరే తప్ప మనిషి పేరు సాధారణంగా ఉండదు. బాగా చేసినా, హడావుడిగా చేసినా పేరు ఒకటే, ధరా ఒకటే అయితే ఆగి చేసినవాడికి ఒరిగేదేముంది?

భౌగోళిక గుర్తింపు ఉందిగా అంటావేమో. అది ఊరి పేరును ఇతరులు వాడుకోకుండా కాపాడుతుంది. ఒక్కొక్క బొమ్మనూ పట్టుకుని అతుకు ఆరిందా అని చూడదు. 2021 జనవరి 1 నుంచి బొమ్మలకు ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి చేసినా, నమోదైన హస్తకళాకారులకూ, భౌగోళిక గుర్తింపు ఉన్న బొమ్మలకూ మినహాయింపు ఇచ్చారు. న్యాయమైన పనే, పరీక్షల ఖర్చు ఆ కుటుంబాలు మోయలేవు. అంటే ఒక్కొక్క కొండపల్లి బొమ్మ నాణ్యతనూ తప్పనిసరిగా చూసే అధికారి ఎవరూ లేరు. చూడాల్సింది కొనేవాళ్ళే. నీలాంటి కన్నున్నవాళ్ళు పాతవాటి వైపు తప్పుకుంటే మిగిలేది వెనక తిప్పి చూడని కొనుగోలుదారులు. పాత బొమ్మకు నువ్విచ్చే రూపాయి దాన్ని అమ్మినవాళ్ళకు చేరుతుంది. ఇవాళ చెక్కుతున్న ఇంటికి అందులో పైసా అందదు.

అందుకని ఈసారి సంక్రాంతి కొలువు కోసం పండగ వారంలో దుకాణానికి వెళ్ళకు. నెలల ముందే కొండపల్లి వెళ్ళు. విజయవాడ నుంచి ఎంత దూరం గనక! ఒక ఇంటిని ఎంచుకుని, ఒకే బొమ్మ చెప్పు. గడువు వాళ్ళనే నిర్ణయించమను, కొంత బయానా ఇచ్చి రా. సున్నం పూత పడకముందు ఒకసారి వెళ్ళి అతుకులు చూడు. నచ్చకపోతే ఎక్కడ నచ్చలేదో వేలుపెట్టి చూపించు. మొహమాటపడి తీసుకుని ఇంటికొచ్చి విమర్శించకు. ధర దగ్గర బేరమాడకు. చివరగా, పీట కింద వాళ్ళ పేరూ సంవత్సరమూ రాసి ఇమ్మని అడుగు. మొదట సిగ్గుపడి వద్దంటారు. రెండోసారి కూడా అడుగు.

ఇట్లు
నీ మామయ్య