పీఎస్‌పీ: ముందు మోడల్, తర్వాతే ఫర్మ్‌వేర్

సోనీ కంపెనీ 2004లో జపాన్‌లో విడుదల చేసిన చేతి ఆటయంత్రం పీఎస్‌పీ. తయారీ ఎప్పుడో ఆగిపోయింది. ఏ అన్నయ్య దగ్గర్నుంచో, పాత సామాన్ల దుకాణం నుంచో అది చేతికి వస్తే మనకు వెంటనే అప్‌డేట్ చేయాలనిపిస్తుంది. అంతకు ముందు అది ఏ రకమో తెలియాలి.

వెనక వైపునో, బ్యాటరీ గూటిలోనో మోడల్ నంబరు ఉంటుంది. ‘పీఎస్‌పీ-3004’లో మొదటి అంకె తరాన్ని, చివరి అంకె అమ్మిన ప్రాంతాన్ని చెబుతాయి: 0 జపాన్, 1 ఉత్తర అమెరికా, 4 యూరప్. స్టిక్కరు చెరిగిపోతే చేత్తో తూచి చూద్దాం. 1000 మోడల్ బ్యాటరీతో కలిపి 280 గ్రాములు, 2007లో వచ్చిన 2000 మోడల్ 189 గ్రాములే. 2008 నాటి 3000 మాత్రం దీనికి కవల. తెర కింది బటన్ మీద ‘హోమ్’ అని ఉంటే 2000, పీఎస్ గుర్తు ఉంటే 3000. ఈ రెండింటిలో మైక్ కూడా 3000లోనే ఉంటుంది. తెర పైకి జరిగి, డిస్క్ పెట్టే చోటు లేకపోతే అది 2009 నాటి పీఎస్‌పీ గో. 2011లో వచ్చిన ఈ1000కు వైఫై లేదు.

ఈ గుర్తింపు ఊరికే కాదు. గోకు అప్‌డేట్ ఫైలు వేరు. ఈ1000కేమో ఫైలును మెమరీ స్టిక్‌లో వేసి ఇవ్వాలి.

ఫర్మ్‌వేర్ అంటే యంత్రాన్ని నిద్ర లేపే సాఫ్ట్‌వేర్. అది లోపలి ఫ్లాష్ మెమరీలో ఉంటుంది. అప్‌డేట్‌లో పాతది చెరిపి కొత్తది రాస్తారు. మధ్యలో కరెంటు పోతే, పాత ఆఫీసరు చార్జి ఇచ్చి వెళ్ళిపోయి, కొత్తాయన ఇంకా చేరని ఆఫీసే! బదిలీల ఇళ్ళలో పెరిగిన మనకు వేరే చెప్పాలా? యంత్రం ఇక మొదలే కాకపోవచ్చు. అందుకే బ్యాటరీ నిండా చార్జ్ చేసి, చార్జర్ తగిలించే ఉంచాలి. బ్యాటరీ ఉబ్బి ఉంటే దాన్ని వాడనే కూడదు, ముందు కొత్తది తెచ్చుకోవాలి.

సెట్టింగ్స్‌లో, సిస్టమ్ సెట్టింగ్స్ కింద, సిస్టమ్ ఇన్ఫర్మేషన్ తెరిస్తే ఇప్పటి వెర్షన్ కనిపిస్తుంది. 2015లో వచ్చిన 6.61 ఆఖరిది. అదే ఉంటే ఇంకేమీ చేయనక్కర్లేదు. లేకపోతే మన మోడల్‌కు సోనీ ఇచ్చిన ఫైలునే మెమరీ స్టిక్‌లోని పీఎస్‌పీ ఫోల్డర్‌లో, గేమ్ లోపల, అప్‌డేట్ అనే ఫోల్డర్‌లో పెట్టాలి. ఈ పేర్లన్నీ ఇంగ్లీషు పెద్ద అక్షరాల్లో ఉండాలి. తర్వాత యంత్రంలోని గేమ్ మెనూ నుంచి దాన్ని నడపాలి. గీత నిండేదాకా ఏ బటనూ ముట్టుకోకండి. యంత్రం తిరిగి మొదలయ్యాక మళ్ళీ సిస్టమ్ ఇన్ఫర్మేషన్‌కు వెళ్తే అక్కడ 6.61 కనిపించాలి.