అప్పు తీరినా మిగిలే మాట

జకాత్‌కు అర్హులైన ఎనిమిది వర్గాలలో రుణగ్రస్తులూ ఉన్నారని తౌబా సూరా 60వ ఆయత్ చెబుతుంది. అందుకే మన దాతలు పేదవారి బాకీలు తీర్చడానికి ముందుకొస్తారు. అయితే ఆ బాకీ ఏ విధంగా తీరిందో కూడా చూడాలి.

లక్ష బాకీపడిన ఆటో డ్రైవరుతో బ్యాంకు "అరవై వేలు కట్టు, వదిలేస్తాం" అంటుంది. నలభై వేలు మిగిలాయని మనం సంతోషిస్తాం. కాని అతని సిబిల్ నివేదికలో 'క్లోజ్డ్' అని కాక 'సెటిల్డ్' అని పడుతుంది. రేపు కూతురి విద్యారుణానికి తండ్రిగా సంతకం చేయబోతే బ్యాంకు మేనేజరు కన్ను పడేది ఆ మాట మీదే. స్తోమత ఉంటే మొత్తం కట్టించి నో డ్యూస్ పత్రం తీసుకోవడమే మేలు. ఇప్పటికే సెటిల్ చేసుకున్నవారు మిగతా సొమ్ము కట్టి, నివేదికలో మార్చమని బ్యాంకును రాతపూర్వకంగా కోరవచ్చు. హామీ సంతకం పెట్టినవారి నివేదికలోనూ ఆ బాకీ కనిపిస్తుందని చాలామందికి తెలియదు.

డబ్బిస్తే మచ్చ చెరిపేస్తామనే ఏజెంట్లను దగ్గరికి రానీయకండి. నివేదిక ఏడాదికొకసారి ఉచితంగానే దొరుకుతుంది. కట్టిన అప్పు కట్టనట్టు చూపితే రశీదు జతచేసి ఫిర్యాదు చేయాలి. 30 రోజుల్లో పరిష్కరించకపోతే, ఆపై ప్రతి రోజుకూ 100 రూపాయల పరిహారం ఇవ్వాలని రిజర్వు బ్యాంకు నిబంధన.